కింద నడిచేవాడు

మా ఇంట్లో 'అబ్బా' అనే మాటకి రెండు అర్థాలు. మోకాలి నొప్పికి మా అవ్వ అనేది ఒకటి. రాబర్ట్‌సన్‌పేటలో మా పెదనాయన రేడియో రిపేరు అంగడిలో రోజుకి పదిసార్లు మోగే క్యాసెట్టు రెండోది. "ఆ పాడేవాళ్ళకి ఏం నొప్పిరా, పేరే అబ్బా అని పెట్టుకున్నారు" అని అవ్వ ఎగతాళి చేసేది. ఆగ్నేథా, బ్యోర్న్, బెన్నీ, ఆన్నీ-ఫ్రిడ్ అనే నలుగురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే ఆ పేరయిందని మాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

మావాళ్ళు చిత్తూరు వైపు నుంచి కేజీఎఫ్‌కి వచ్చి మూడు తరాలయింది. అంగట్లోకి ఆ క్యాసెట్టు కొని తెచ్చింది కాదు. ఒక ఆంగ్లో ఇండియన్ ఆయన రిపేరుకిచ్చిన టేప్‌రికార్డరులో ఉండిపోయింది. ఆయన మిషను తీసుకుపోయినాడు, క్యాసెట్టు మరిచిపోయినాడు, తర్వాత కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోయినాడు. "వస్తే ఇచ్చేద్దాం" అని పెదనాయన దాన్ని గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నాడు. ఇంకా పెట్టుకునే ఉన్నాడు.

రిపేరు అయిన ప్రతి స్పీకరుకీ అదే పరీక్ష. సినిమా పాటలు పెట్టేవాడు కాదు. "మనకి తెలిసిన పాటయితే చెవి దానంతట అదే తప్పు సర్దుకుంటుంది" అనేవాడు. ఆ క్యాసెట్టులో 'ది నేమ్ ఆఫ్ ది గేమ్' అనే పాట ఉంది. ఎత్తుకోవడమే కింది స్వరంతో ఎత్తుకుంటుంది. నాలుగడుగులు వేసి ఆగుతుంది, మళ్ళీ వేస్తుంది. ఆడవాళ్ళ గొంతు ఇంకా రాలేదు కాబట్టి దాచుకోవడానికి చోటుండదు. కొత్తగా వేసిన కోన్ లోపల కాయిలు ఎక్కడన్నా తగులుతుంటే అక్కడే గరగరమంటుంది. టేపు బెల్టు వదులైతే ఆ స్వరం వణుకుతుంది. పెదనాయన కళ్ళు మూసుకుని వినేవాడు. "కింద నడిచేవాడు సరిగ్గా నడుస్తా ఉండాడా, చూడండ్రా" అని మమ్మల్ని పిలిచేవాడు. బేస్ గిటారు అనే మాట మాకు అప్పటికి రాదు. మాకది కింద నడిచేవాడే.

మేమందరం కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడ. ఇంగ్లీషు పాటలో ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోవడం మంచిదే అయింది అనుకుంటాం ఇప్పుడు. మాటల వెంట పోయే పని లేదు కాబట్టి కిందికి విన్నాం. 'డాన్సింగ్ క్వీన్' మీ ఇంట్లోనూ మోగి ఉంటుంది. ఈసారి గొంతులు వదిలేసి కిందికి వినండి. ఆయన ఎక్కడా తొందరపడడు. పాడేవాళ్ళు ఊపిరి తీసుకునేచోట రెండు స్వరాలు వేసి మళ్ళీ తన దారిలోకి వెళ్ళిపోతాడు.

ఆయనకి ఒక పేరు ఉంటుందని మాకు తోచలేదు. క్యాసెట్టు అట్ట మీద నలుగురే కదా. 2015లో, మాలో ఒకరు బెంగళూరులో ఉద్యోగానికి మారికుప్పం రైల్లో పోతూ ఫోన్‌లో చూసి ఇంటికి కబురు చేశారు. అబ్బా పాటల్లో బేస్ వాయించినాయన పోయారంట, 69 ఏళ్ళంట, పేరు రుట్‌గర్ గున్నార్సన్ అంట. పేరు తెలిసిన రోజే మనిషి లేడని తెలిసింది.

తర్వాత చదివి తెలుసుకున్నాం. 1946లో స్వీడన్‌లోని లిన్‌షోపింగ్‌లో పుట్టారు. అబ్బా కంటే ముందే, బ్యోర్న్ ఉల్వేయస్ పాడిన హూటెనానీ సింగర్స్ గుంపులో ఉన్నారు. 1974లో బ్రైటన్‌లో 'వాటర్లూ' పాట యూరోవిజన్ గెలిచిన రాత్రి స్టేజీ మీద బేస్ పట్టుకుని నిలబడింది ఆయనే. 1973 నుంచి 1981 దాకా వచ్చిన ఎనిమిది ఆల్బముల్లోనూ ఆయన చెయ్యి ఉంది. అట్లా అన్నింట్లోనూ ఉన్న ఇంకో వాద్యగాడు డ్రమ్మర్ ఓలా బ్రుంకెర్ట్. ఆయన 2008లోనే పోయారు. 1977లో యూరప్, ఆస్ట్రేలియా, 1979లో అమెరికా, 1980లో జపాన్, అన్ని యాత్రలకీ గున్నార్సన్ వెళ్ళారు. ఆస్ట్రేలియాలో అబ్బా అంటే జనానికి పిచ్చి. మా క్యాసెట్టు మరిచిపోయినాయన సరైన చోటికే పోయినాడు.

కొన్ని పాటలకి వయొలిన్ల అమరిక కూడా ఈయనే రాశారు. గుంపు విడిపోయాక వేరేవాళ్ళ రికార్డులకీ, సంగీత నాటకాలకీ వాయించారు. ఇంత చేసినా ఆ నలుగురిలో ఐదోవాడు కాలేదు. అది అన్యాయమని మాలో కొందరం, పనికి కూలి పుచ్చుకుని ఇంటికి పోయే మనిషికి అదే సుఖమని కొందరం. ఇంకా తేలలేదు.

ఆ ఆదివారం అందరం రాబర్ట్‌సన్‌పేట ఇంట్లో కలిశాం. గనులు మూతపడిన 2001 తర్వాత అంగడి బేరం పడిపోయి, పెదనాయన సామాన్లన్నీ ఇంటి ముందర గదిలోకి తెచ్చుకున్నాడు. విషయం చెప్పాం. ఆయన సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి, "పేరుండిందా ఆయనకి?" అన్నాడు. ముప్పై ఏళ్ళు రోజూ విన్న మనిషి. ఇంకోసారి చెప్పమన్నాడు. గున్నార్సన్ అనడం రెండుసార్లకి వచ్చింది. అట్ట మీద రాయమంటే ఏ లిపిలో రాయాలని మాలో మాకు వాదన వచ్చింది. మాకు చెయ్యి తిరిగింది కన్నడ లిపిలో, ఆయన చదివేది తెలుగు. చివరికి పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి గుండ్రటి తెలుగు అక్షరాలతో రాసింది. నలుగురి బొమ్మ కింద, ఐదో పేరు. ఆ సాయంత్రం పాటలన్నీ వరసగా విన్నాం, ఎవరం మాట్లాడలేదు.

పోయిన సంక్రాంతికి అదే గదిలో అదే పాట పెట్టాం. పెదనాయన స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. పాట సగం దాటాక, "ఏమిరా, ఆడవాళ్ళు ఈరోజు మెల్లగా పాడుతుండారే, హెడ్ తుడిచినారా?" అన్నాడు. హెడ్ శుభ్రంగానే ఉంది. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వయసుతో చెవికి పై స్వరాలే ముందు పోతాయంట. కింది స్వరాలు ఆఖరిదాకా ఉంటాయంట. ఆ మాట ఆయనకి మేము చెప్పలేదు. చెప్పకుండానే ఆయనకి తెలిసిపోయింది. ఇంకొకళ్ళ మిషన్ల జబ్బులు నలభై ఏళ్ళు చెవితో కనిపెట్టిన మనిషి కదా.

చెవి మిషను వద్దని మూడు నెలలు మొండికేశాడు. ఆఖరికి బెంగళూరు తీసుకుపోయాం. అక్కడి అమ్మాయి మిషను పెట్టి, "వినబడుతుందా తాతా" అని కన్నడలో అడిగింది. ఈయన జేబులోంచి క్యాసెట్టు తీశాడు! అక్కడ టేపు ఎక్కడిది? మాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్ళం ఫోన్‌లో ఆ పాట పెట్టాం. కళ్ళు మూసుకున్నాడు. "ఆడవాళ్ళు వచ్చినారు" అన్నాడు. కాసేపటికి, "ట్రెబుల్ ఎక్కువుంది, తగ్గించమను. గున్నార్సన్ యాడ పోయినాడు?" అన్నాడు.

ఫోన్ స్పీకరులో బేస్ ఉండదని చెప్పినా వినలేదు. మొత్తానికి మిషను కొన్నాం. ఇప్పుడు ఇంట్లో పాట పెడితే ఒక చెవికి పెట్టుకుంటాడు, రెండో చెవిది తీసి గల్లాపెట్టె మీద పెడతాడు, చెయ్యి స్పీకరు మీద.