రెండొందల యాభైకి వెచ్చటి వాసన

పత్తర్‌గట్టిలో అత్తరు దుకాణం కోసం బోర్డులు చదవక్కర్లేదు. మదీనా చౌరస్తా దాటి చార్మినార్ వైపు నాలుగడుగులు వేస్తే ముక్కే దారి చూపిస్తుంది. బట్టల షాపుల మధ్యలో, రాతి కమాన్ల కింద, రెండు బైకులు పట్టేంత జాగాలో ఒక గల్లా, దాని వెనక అద్దాల అల్మారా, అందులో వరసగా సీసాలు. తేనె రంగు, ఆకుపచ్చ, దాదాపు నలుపు.

మాదాపూర్, గచ్చిబౌలి వాళ్లకు ఒక సలహా. బైక్ మీద వెళ్లకండి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారి, ఎంజీబీఎస్‌లో దిగి నడవండి. నయాపుల్ మీద మూసీ వాసనకి ఎలాగూ ముక్కు మూసుకుంటారు. తర్వాత అత్తరు దగ్గర తెరిస్తే తేడా బాగా తెలుస్తుంది! 1908 సెప్టెంబర్‌లో ఇదే మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. ఆ వరద తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఊరిని మళ్లీ కట్టుకుంటూ వచ్చారు. ఈ రాతి దుకాణాల వరస ఆ పనుల్లోనిదే.

నాకు కావాల్సింది చిన్న విషయం. రోజూ ఆఫీసుకి పెట్టుకునే వాసన. తియ్యగా, వెచ్చగా ఉండాలి. తియ్యగా అంటే బేకరీలోంచి వచ్చినట్టు కాదు, చలికాలం పొద్దున దుప్పటి కప్పుకున్నట్టు. రీల్స్ చూస్తే ఇలాంటి వాసనకి పది, పన్నెండు వేల సీసాలు చూపిస్తారు. మా రూమ్మేట్ ఒకటి ఈఎంఐలో కొన్నాడు. వాసన మూడు గంటల్లో పోయింది, ఈఎంఐ ఆరు నెలలు ఉంది.

నన్ను అక్కడికి తీసుకెళ్లింది మా టీమ్‌లో టెస్టింగ్ చూసే అన్న. మొఘల్‌పురాలో పుట్టి పెరిగినవాడు. అతను నన్ను తీసుకెళ్లడం వెనక ఒక సంగతి ఉంది. పోయిన ఏడాది రంజాన్ పండగ సెలవయ్యాక ఆఫీసుకొచ్చిన రోజు, లిఫ్ట్‌లో మాతో పాటు ఎక్కిన ఒకతను గాలి పీల్చి, "ఏంటి, ఓల్డ్ సిటీ స్మెల్ వస్తోంది" అన్నాడు. ఇద్దరు నవ్వారు. అన్న ఫోన్‌లోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత క్యాంటీన్‌లో అడిగితే, "వదిలెయ్ తమ్మీ. నేను మామూలు రోజుల్ల పెట్టుకునుడు ఎప్పుడో బంద్ జేసిన. నిన్న పండగ, అంగీకి ఉండిపోయింది" అన్నాడు. చొక్కాకి వాసన మిగిలినందుకు సంజాయిషీ! అది నాకు రాత్రి దాకా గుచ్చుతూనే ఉంది. ఆ వారాంతమే నన్ను తీసుకెళ్లమని అడిగాను.

దుకాణంలో పెద్దాయన ఏ బ్రాండ్ అని అడగలేదు, బడ్జెట్ ఎంత అనీ అడగలేదు. "రోజూ పెట్టుకోనీకా, షాదీకా?" ఇదీ మొదటి ప్రశ్న. రోజూ అన్నాను. "ఏసీల కూసుంటవా, ఎండల తిరుగుతవా?" ఏసీ అన్నాను. దాంతో ఊద్ సీసాలు పక్కకి పోయాయి. షమామా కూడా పోయింది. అది బోలెడు మూలికలు, సుగంధద్రవ్యాలు కలిపి తీసే ఘాటు సరుకు, చలికాలం పెళ్లిళ్లకి బాగుంటుందట. ఒక ఆన్‌లైన్ యాప్ నన్ను ఇరవై ప్రశ్నలడిగి చెప్పలేనిది ఈయన రెండింటితో తేల్చేశాడు.

సీసా మూత కింద ఉండే గాజు పుల్లని చేతి వెనక్కి ఇలా తాకించి అలా తీశాడు. ఒక చేతికి తెల్ల కస్తూరి పేరుతో అమ్మే మస్క్. సబ్బులా ఉంది. ఇంకో చేతికి అంబర్. అంతే, అక్కడ ఆగిపోయాను.

అంబర్ అనే మాట చుట్టూ చాలా గందరగోళం ఉంది. అసలు అంబర్ అంటే స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారై సముద్రంలో తేలుతూ దొరికే పదార్థం. మన దేశంలో ఆ తిమింగలానికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, కాబట్టి దాని అమ్మకం నేరం. ఆరు మిల్లీలీటర్లు రెండొందల యాభైకిచ్చే సీసాలో అది ఉండే ప్రశ్నే లేదు. ఈ పేరుతో పెర్ఫ్యూమ్ వాళ్లు చేసేది ఒక మిశ్రమం. అందులో ముఖ్యంగా మూడు: లాబ్డానమ్ అనే జిగురు, వనిల్లా, బెంజోయిన్. చవక సీసాల్లో వనిల్లా అంటే ఫ్యాక్టరీలో చేసిన వనిలిన్. అదేం తక్కువ సరుకు కాదు. వనిల్లా కాయలో ప్రధానంగా వాసనిచ్చే అణువు అదే, 1874 నుంచీ ప్రయోగశాలలో తయారవుతోంది.

ఇక ఆ మూడోది, బెంజోయిన్. ఇంజనీరింగ్‌లో కెమిస్ట్రీ చదివినా నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. బెంజోయిన్ అంటే మన సాంబ్రాణి! చంటిపిల్లలకి నీళ్లు పోశాక, తలంటుకున్న జుట్టుకి, శుక్రవారం సాయంత్రం ఇల్లంతా పొగ వేస్తామే, అదే. దసరాకి ఇంటికెళ్లినప్పుడు అమ్మ ముక్కు దగ్గర నా చెయ్యి పెట్టాను. "బాలింత ఇంటి వాసన గదరా ఇది! ఎక్కడిది?" అంది. చార్మినార్ దగ్గర కొన్నానని చెప్తే నమ్మలేదు. లిఫ్ట్‌లో ఓల్డ్ సిటీ స్మెల్, సిద్దిపేటలో బాలింత ఇంటి వాసన. జిగురు మాత్రం ఒక్కటే.

ప్యారిస్‌లో దీని కథ ఇంకోలా నడిచింది. 1925లో గెర్లాన్ కంపెనీ షాలిమార్ అనే పెర్ఫ్యూమ్ తెచ్చింది. పేరు మొగలుల తోటది. లోపల నిండుగా వనిల్లా. వందేళ్లయినా ఇప్పటికీ అమ్ముడుపోతోంది. ఇదే తియ్యటి, వెచ్చటి కుటుంబాన్ని 'ఓరియంటల్' అని పేరు పెట్టి పెద్ద పెద్ద షోరూముల్లో అమ్మారు. తూర్పు వాసన అంటే అక్కడ లగ్జరీ. ఇక్కడ మన లిఫ్ట్‌లో మాత్రం నవ్వు.

పెద్దాయన నాకు వెంటనే సీసా ఇవ్వలేదు. "పో, చాయ్ తాగి రా. అరగంట అయినంక నచ్చితే తీస్కో" అన్నాడు. ఇది దుకాణదారు మర్యాద మాత్రమే కాదు, దాని వెనక సైన్స్ ఉంది. నిమ్మ, నారింజ లాంటి తేలిక అణువులు త్వరగా ఆవిరైపోతాయి. వనిలిన్, జిగుర్లు బరువు, నెమ్మదిగా కదులుతాయి. షోరూములో కాగితం ముక్క మీద కొట్టి చూపించేది మొదటి ఐదు నిమిషాల వాసన. మనం రోజంతా మొయ్యాల్సింది తర్వాతది. అందుకే మచ్లీ కమాన్ దాటి, గుల్జార్ హౌజ్ చుట్టూ తిరిగి, చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు పూర్తిచేసి చెయ్యి చూసుకున్నాం. మొదటి ఘాటు పోయింది. చర్మానికి అంటుకుని మెత్తగా, కొంచెం పొగలా, కొంచెం తేనెలా మిగిలింది. అత్తరులో ఆల్కహాల్ ఉండదు కాబట్టి వాసన గదంతా పరచుకోదు. పక్కసీటు వాళ్లకి తెలుస్తుంది, క్యాబ్‌లో వెనక కూర్చున్న ముగ్గురికి తలనొప్పి రాదు.

చవకది మంచిదే, కానీ అది ఏమిటో తెలిసి కొనాలి. కన్నౌజ్‌లో రాగి డేగుల్లో పూలు ఉడికించి, ఆవిరిని వెదురు గొట్టంలోంచి గంధం నూనెలోకి దింపే అసలు అత్తర్లు వేరు. వాటికి జీఐ గుర్తింపు ఉంది, ధరా దానికి తగ్గట్టే ఉంటుంది. గంధం నూనె ఖరీదు పెరిగాక వేరే నూనెల్లోకి దింపడమూ మొదలైంది. రెండొందల యాభైకి అసలు గులాబ్ అత్తరు అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఈ పెద్దాయన అబద్ధం చెప్పలేదు. "ఇది కంపౌండ్, బేటా. అసలుది అటు ఉన్నది, తులం లెక్క" అని పై అరవైపు చెయ్యి చూపించాడు. తులం అంటే బంగారమే గుర్తొచ్చే మనకి అక్కడ కాసేపు భయమేస్తుంది.

నాలుగు నెలలుగా రోజూ పెట్టుకుంటున్నా. మణికట్టుకి ఒక చుక్క, చెవి వెనక సగం చుక్క. పది నిమిషాలకి నాకే తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. వాసన పోయిందనుకుని మళ్లీ మళ్లీ రాసుకునేవాళ్లు పక్కవాళ్లని ఏడిపించేది ఇక్కడే.

డిసెంబర్‌లో ఒక మీటింగ్ అయ్యాక, లిఫ్ట్‌లో ఆ మాటన్న అతనే నన్ను ఆపి, "బ్రో, మంచి వనిల్లా స్మెల్. ఏ బ్రాండ్?" అన్నాడు. పత్తర్‌గట్టి, రెండొందల యాభై అన్నాను. "జోక్ చెయ్యకు" అన్నాడు. సీసా తీసి చూపించాను. చేతిలోకి తీసుకుని వాసన చూశాడు, మళ్లీ చూశాడు, ఏమీ అనకుండా ఇచ్చేశాడు. ఆ సంగతి అన్నకి చెప్తే పెద్దగా నవ్వలేదు. "నీ మీద వస్తే వనిల్లా, నా మీద వస్తే ఓల్డ్ సిటీ" అని మానిటర్ వైపు తిరిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మొన్న సోమవారం మాత్రం అతని డెస్క్ దగ్గర షమామా వాసన వచ్చింది. పండగేం లేదు. నేనేం అడగలేదు.

మీరు వెళ్లేట్టయితే పదకొండు దాటాక వెళ్లండి, అంతకుముందు షట్టర్లు తెరవరు. ముందురోజు వేరే పెర్ఫ్యూమ్ వేసుకున్న చొక్కా వద్దు. ఒక్కసారికి మూడు వాసనలకంటే ఎక్కువ చూడకండి, నాలుగోది బుర్రకెక్కదు. చర్మం సున్నితమైతే మోచేతి మడతలో చుక్క రాసి ఒక రోజు ఆగండి. తెల్ల చొక్కా మీద అంబర్ రాయొద్దు, వనిలిన్ గాలి తగిలితే గోధుమరంగుకి తిరుగుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఈ తీపి భారంగా ఉంటుంది. అప్పటికి చిన్న ఖస్ సీసా, అంటే మన వట్టివేరు, తీసిపెడతానని పెద్దాయన ముందే చెప్పాడు.