కాంతి గీటురాయి

బంగారం మేలిమిని గీటురాయిపై పరీక్షించడం మన స్వర్ణకారులకు తరతరాల విద్య. కంటికి కనిపించే లోహానికి ఆ రాయి చాలును. కాని ద్రావణంలో కరిగి, రంగు, వాసన ఏదీ తెలియనీయకుండా దాగిన లోహలేశాన్ని పట్టి చూపే గీటురాయి ఏది? ఈ ప్రశ్నకు ఆధునిక రసాయనశాస్త్రం ఇచ్చిన సమాధానాలలో ప్రతిదీప్తి రంజకం ఒకటి.

విజయనగరం జిల్లా భోగాపురం మీదుగా జాతీయ రహదారి శ్రీకాకుళం వైపు సాగుతుంది. ఆ దారిలోనే పైడిభీమవరం ఉంది. ఊరి పేరులో పైడి ఉన్నది. అక్కడి కర్మాగారాలు పేరుపొందినది మాత్రం ఔషధాలకు. ఔషధ నిర్మాణంలో కర్బన అణువులను జతపరచడానికి పల్లాడియం అనే విలువైన లోహాన్ని ఉత్ప్రేరకంగా వాడే పద్ధతి ప్రపంచమంతటా ఉంది. అటువంటి పద్ధతులను రూపొందించిన హెక్, నెగిషి, సుజుకీలకు 2010లో నోబెల్ బహుమతి లభించింది. అయితే పని ముగిశాక ఆ లోహం తొలగిపోవాలి. పెండ్లి జరిపించిన పురోహితుడు కాపురంలో ఉండిపోకూడదు గదా!

నోటి ద్వారా తీసుకునే మందుతో దేహంలో చేరే పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు, అనగా గ్రాములో పదివేలవ వంతు, మించరాదని 2014లో ఖరారైన అంతర్జాతీయ మార్గదర్శకాలు నిర్దేశించాయి. మందులో కలగలిసిన ఇంత స్వల్పాంశం త్రాసుకు అందదు. ఖరీదైన యంత్రాలు దానిని లెక్కకట్టగలవు. కాని అవి అన్నిచోట్లా ఉండవు.

2007లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో కజునోరి కోయిదే బృందం ఒక తేలికైన మార్గాన్ని చూపింది. 1871లో బేయర్ తయారుచేసిన ఫ్లోరసీన్ అనే రంజకం నీలికాంతి సోకితే ఆకుపచ్చని వెలుగును వెదజల్లుతుంది. ఆ జాతికి చెందిన రంజకానికి వారు అల్లైల్ అనే చిన్న అణుసమూహాన్ని తగిలించి, దాని వెలుగును అణచివేశారు. తగిన కారకాల సమక్షంలో పల్లాడియం తాకితే ఆ బంధం తెగి, రంజకం తిరిగి ప్రకాశిస్తుంది. ఈ చర్యలో లోహం ఖర్చు కాదు. ఒక్క పరమాణువే అనేక అణువుల సంకెళ్లను వరుసగా విప్పుతుంది. అందువల్ల లేశమాత్రమైన లోహం కూడా బయటపడుతుంది. తెలిసిన పరిమాణం గల ద్రావణాల వెలుగుతో పోల్చి, అది ఎంత ఉన్నదో అంచనా కట్టవచ్చు.

బంగారంలో కల్తీ జరిగితే నష్టపోయేది ధనం. మందులో మాలిన్యం మిగిలితే నష్టపోయేది ఆరోగ్యం. మాత్ర మింగే వృద్ధురాలికి పల్లాడియం పేరు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఆమెకు బదులుగా తెలుసుకోవలసిన బాధ్యత ప్రయోగశాలలో పరీక్షనాళిక పట్టినవారిది. భోగాపురం పరిసర పల్లెల నుండి రేపు ఆ ప్రయోగశాలలలో అడుగుపెట్టబోయే విద్యార్థులు నేర్వవలసిన మొదటి పాఠం ఇదే.