జింకను పిలిచే గొట్టం

పోయిన అక్టోబరులో ఒక శనివారం పొద్దున వంటింట్లో ఇడ్లీ పిండి కలుపుతున్నాను. పైన మావాడి గదిలోంచి ఏదో శబ్దం. "ఉర్ర్... ఉర్ర్..." అని. పంది గుర్రుమన్నట్టూ ఉంది, కడుపులో తిప్పి వాంతి చేసుకోబోతున్నట్టూ ఉంది. గరిటె అక్కడే వదిలేసి గబగబా మెట్లెక్కాను. వాడు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నల్లటి గొట్టం ఒకటి నోట్లో పెట్టుకుని ఊదుతున్నాడు. సన్నాయికి ఏనుగు తొండం తగిలించినట్టుంది అది.

"ఏంట్రా అది?"

"గ్రంట్ కాల్ అమ్మా. మగజింక గొంతు. పక్కింటాయన ప్రాక్టీసుకిచ్చారు."

ప్రాక్టీసు దేనికో అడగక్కర్లేదు. నెల రోజులుగా ఇంట్లో నలుగుతున్న గొడవే అది. వాడికి పదిహేనేళ్ళు. మేముండేది పెన్సిల్వేనియాలో కొండల మధ్య ఒక చిన్న ఊరు. ఇక్కడ జింకల వేట మనకి సంక్రాంతి లాంటిది. థాంక్స్ గివింగ్ అయ్యాక వచ్చే సోమవారం చాలా బడులకు సెలవే ఇచ్చేస్తారు. వీడి స్నేహితులందరూ తండ్రులతో, తాతలతో అడవికి వెళ్తారు. మా ఆయనకి తుపాకీ సంగతి దేవుడెరుగు, దోమల బ్యాట్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. అందుకని వీడు పక్కింటి పెద్దాయన్ని పట్టుకున్నాడు. ఆయనకి డెబ్బై దాటాయి. ఇక్కడి అలవాటు ప్రకారం మావాడు ఆయన్ని పేరు పెట్టి పిలుస్తాడు. నాకు నోరు రాదు, "తాతగారూ" అంటాను. ఆయనా అదే తన పేరన్నట్టు పలుకుతారు.

నేను ససేమిరా అన్నాను. మా ఆయన "క్లాసు పాసయ్యాడు కదా, ఒక్కసారి వెళ్ళనీ" అన్నారు. ఇక్కడ మొదటిసారి లైసెన్సు తీసుకోవాలంటే వేట భద్రత మీద శిక్షణ తప్పనిసరి. అది వీడు ఎండాకాలంలోనే పూర్తి చేసేశాడు. "జీవహింస రా" అన్నాను. "ఆదివారం మటన్ ఎక్కడినుంచి వస్తుందమ్మా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ప్యాకెట్లో వచ్చిందాన్ని అల్లం వెల్లుల్లి పట్టించి వండేదాన్ని, నీతులు చెప్పడానికి నాకేం అర్హత ఉంది?

ఆ మర్నాడు తాతగారే మా ఇంటికొచ్చారు. అల్లం టీ అంటే ఆయనకి ప్రాణం. చేతిలో ఒక గుడ్డసంచి. అందులోవన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచి, "అమ్మాయ్, నువ్వూ విను. తెలియనిదాన్ని చూస్తేనే భయం ఎక్కువ" అన్నారు. ఇంగ్లీషులోనే అనుకోండి, నాకు మాత్రం అలాగే వినిపించింది.

మొదటిది ఆ గొట్టమే. లోపల సన్నటి ప్లాస్టిక్ రేకు ఉంటుంది, హార్మోనియంలో మెట్టు వెనక ఉండే నాలుక లాంటిది. దాని మీద రబ్బరు రింగు అటూ ఇటూ జరిపితే గొంతు మారుతుంది. పిల్ల గొంతు, ఆడజింక గొంతు, పడుచు మగజింక గొంతు, ముసలి మగజింక బొంగురు గొంతు. కొత్తవాళ్ళు పెద్ద మగజింకలా బొంగురుగా, గట్టిగా ఊదేస్తారట. అది విని చిన్న మగజింకలు భయపడి దగ్గరికే రావు. మధ్యస్థంగా, మెత్తగా ఊదాలి. చలికి నోటి తడి గడ్డకట్టి రేకు అంటుకుపోతుంది కాబట్టి గొట్టాన్ని కోటు లోపల పెట్టుకోవాలి.

రెండోది చిన్న డబ్బా. తలకిందులు చేసి తిప్పితే "మ్యాఁ..." అని సాగదీసి అరుస్తుంది. అచ్చం చిన్నపిల్లల ఆటబొమ్మే. అది జత కోరుకునే ఆడజింక గొంతు. ఊదే పని లేదు గనక కొత్తవాళ్ళకి ఇదే సులువు. మూడోది రెండు కొమ్ములు. ఒకదానికొకటి తాటిస్తే రెండు మగజింకలు పోట్లాడుకుంటున్నట్టు వినిపిస్తుంది. నాలుగోది ముక్కుతో బుస కొట్టి చివర సాగదీసే శబ్దం, కోపంతో ఉన్న పెద్ద మగజింక బెదిరింపు. దాన్ని ఊరికే వాడితే వచ్చేవి కూడా పారిపోతాయి, ఎదుట ఉన్నది అహంకారం ఉన్న మగజింక అని తెలిస్తేనే వాడాలన్నారు.

"ఏది కొనాలో తెలుసుకోవడం సులభం. ఎప్పుడు ఊరుకోవాలో తెలుసుకోవడమే కష్టం" అన్నారాయన. ఇక్కడ అక్టోబరు చివరినుంచి నవంబరు సగం దాకా తెల్లతోక జింకలకి జతకట్టే కాలం. ఈ కూతలన్నీ బాగా పనిచేసేది అప్పుడే. మూడు నాలుగు సార్లు పొట్టిగా ఊది, ఇరవై నిమిషాలో అరగంటో కదలకుండా కూర్చోవాలి. జింక మనవైపు చూస్తుంటే ఊదకూడదు. ఆ చెవులు శబ్దం ఏ చెట్టు దగ్గర్నుంచి వచ్చిందో ఇట్టే పట్టేస్తాయి, అక్కడ జింక లేకపోతే అనుమానం వస్తుంది. అది వెళ్ళిపోతుంటేనే పిలవాలి. వస్తుంటే నోరు మూసుకోవాలి. పైగా మగజింక నేరుగా రాదు, చుట్టూ తిరిగి గాలి వాలున చేరి వాసన చూస్తుంది. చెవిని మోసం చేయొచ్చు గానీ ముక్కుని చేయలేం. అందుకే ముందు గాలి ఎటు వీస్తుందో చూసుకుని కూర్చోవాలి. బ్యాటరీతో పనిచేసే రికార్డు కూతలు చాలా రాష్ట్రాల్లో నిషేధం, కాబట్టి ఏటా రూల్సు పుస్తకం చదువుకోవాలి.

నేను టీ చల్లారిపోయినా చూసుకోకుండా వింటున్నాను. అప్పుడు సంచి అడుగునుంచి ఐదోది తీశారు. బొటనవేలంత గొట్టం. ఊదారు.

నా చేతిలో కప్పు వణికింది. అది జింకపిల్ల ఏడుపు. ఆపదలో ఉన్న పిల్ల తల్లిని పిలిచే ఏడుపు.

ఆ గొంతు నాకు తెలుసు. జూన్‌లో మా పెరట్లో గోంగూర మడి పక్కన గడ్డిలో చుక్కల పిల్ల ఒకటి ముడుచుకుని పడుకుంది. తల్లి వదిలేసిందనుకుని పాలు పట్టబోతే తాతగారే ఆపారు. "తల్లి వదల్లేదు, దాచిపెట్టి మేతకి వెళ్ళింది. ముట్టుకోకు" అన్నారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. చీకటి పడబోతుండగా పిల్ల సన్నగా ఒకసారి అరిచింది. కంచె అవతల్నుంచి తల్లి దూకి వచ్చింది. పిల్లని నాకుతుంటే నాకు ఎందుకో ఏడుపొచ్చింది. మావాడు పుట్టినప్పుడు మూడు రోజులు వాణ్ణి అద్దాల గదిలో పెట్టారు. అద్దం ఇవతల నిలబడిన రోజులు గుర్తొచ్చాయి.

"ఇది ఊదితే ఏమొస్తుంది?" అని అడిగాను, తెలిసి తెలిసీ.

"ఆడజింకలు పరిగెత్తుకొస్తాయి. తమ పిల్ల కాకపోయినా."

దాని గురించి తర్వాత నేనూ చదివాను. సుసాన్ లింగిల్, టోబియాస్ రీడీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కెనడాలో ఒక ప్రయోగం చేసి 2014లో ది అమెరికన్ నేచురలిస్ట్ పత్రికలో రాశారు. స్పీకర్లలో రకరకాల పిల్లల ఏడుపులు వినిపించారు. సీల్ పిల్ల, పిల్లికూన, మనిషి పసిబిడ్డ, గబ్బిలం పిల్ల కూడా. గొంతు స్థాయి తమ పిల్లల గొంతుకి దగ్గరగా ఉంటే చాలు, తల్లిజింకలు ఆ స్పీకరు దగ్గరికి వచ్చాయి. మన పసిబిడ్డ ఏడిస్తే అడవిలో జింక పరిగెత్తుకొస్తుందన్నమాట! అది చదివాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

బీఏ తెలుగులో ప్రబంధాలు చదివినప్పుడు వేట ఘట్టాల్లో "దీమం" అనే మాట వచ్చేది. మచ్చిక చేసిన జంతువునో పక్షినో ఎరగా పెట్టి, దాన్ని చూసి వచ్చే అడవివాటిని పట్టడం. పరీక్ష కోసం అర్థం బట్టీ పట్టాను గానీ మనసుకి పట్టలేదు. ఫోనులో మా అత్తయ్యగారికి చెబితే, "మా చిన్నప్పుడు పొలాల్లో కౌజుపిట్టని పంజరంలో పెట్టి కూయించేవాళ్ళమ్మా, మిగతా కౌజులు వచ్చి వలలో పడేవి" అన్నారు. ఊరు ఏదైనా ఉపాయం ఒకటే. మారీచుడు చేసిందీ ఇదే కదా. జింక వేషంలో ఉండి మనిషి గొంతుతో పిలిచాడు. ఇక్కడ మనిషి జింక గొంతుతో పిలుస్తున్నాడు. ఆ గొంతు నమ్మి సీతమ్మ ఎంత తల్లడిల్లిందో మనకి తెలుసు.

రామాయణంలోనే ఇంకో కథ కూడా నన్ను వదల్లేదు. దశరథుడు చీకట్లో సరయూ ఒడ్డున కడవ ముంచిన చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. ముసలి తల్లిదండ్రులకి నీళ్ళు పట్టుకెళ్ళే పిల్లాడు పోయాడు. నా అసలు భయం అదే. వీడు చెట్టు చాటున కూర్చుని జింకలా కూస్తుంటే ఇంకెవరైనా నిజం జింకే అనుకుంటే? అడిగేశాను. తాతగారు నవ్వలేదు. "మంచి ప్రశ్న. అందుకే జనం ఎక్కువగా ఉండే తుపాకీ సీజన్లో కొమ్ములు తాటించను. అప్పుడు తలమీదా ఒంటిమీదా నారింజరంగు తప్పనిసరి. చప్పుడు విని ఎవరూ కాల్చకూడదు, కళ్ళారా చూసి, దాని వెనక ఏముందో కూడా చూసుకున్నాకే కాల్చాలి. నేను వాడికి చెయ్యంత దూరంలో ఉంటాను" అన్నారు. ఇక్కడి చట్టం ప్రకారం కూడా పదిహేనేళ్ళవాడు పెద్దవాళ్ళ తోడు లేకుండా వేటకి వెళ్ళకూడదు.

అవతలి పక్క కూడా చెప్పాలి. ఈ రాష్ట్రంలో గేమ్ కమిషన్ ఏర్పడిన 1895 నాటికి విచ్చలవిడి వేటతో జింకలు దాదాపు కనుమరుగయ్యాయట. కట్టడి పెట్టి, బయటినుంచి తెచ్చి వదిలి పెంచారు. తోడేళ్ళు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు జింకలు మొలకల్ని బతకనివ్వవు, రోడ్డు మీద కార్లకి అడ్డం పడతాయి. లెక్క ప్రకారం కొన్నింటిని వేటాడక తప్పదంటారు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింకని ముట్టుకుంటే జైలే. కృష్ణజింక ఆంధ్రాకి, చుక్కల జింక తెలంగాణకి రాష్ట్ర జంతువులు. అక్కడ కాపాడటం ధర్మం, ఇక్కడ లెక్కగా వేటాడటం ధర్మం. రెండూ నా బుర్రలో కుదురుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది.

చివరికి ఒప్పుకున్నాను. వాడితో కలిసి దుకాణానికి నేనే వెళ్ళాను. గోడనిండా వేలాడుతున్న వాటిలో రంగురంగుల కాంబోలు వద్దని, రింగు సులువుగా జరిగే మామూలు గొట్టం, ఒక డబ్బా తీసుకున్నాం. పిల్ల ఏడుపు గొట్టం దగ్గర వాడి చెయ్యి ఆగింది.

"అది వద్దు నాన్నా."

"అన్నీ మోసమే కదమ్మా? గ్రంట్ కాల్ మాత్రం నిజమా?"

"మగజింక పోట్లాటకి వస్తుంది, లేదంటే ఆడజింక కోసం వస్తుంది. తల్లి మాత్రం పిల్ల కోసం వస్తుంది. నవంబరుకి పిల్లలు పెద్దవై సొంతంగా బతుకుతాయని తాతగారు చెప్పార్లే. అయినా వద్దు. నా దగ్గర ఇంతకన్నా తర్కం లేదు. నువ్వు వెళ్ళాలంటే నా షరతు ఇదొక్కటే."

వాడు కాసేపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంటికొచ్చాక తాతగారికి చెబితే ఆయనేమీ అనలేదు. తన సంచిలోని ఆ చిన్న గొట్టం తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. మళ్ళీ ఎప్పుడూ మా టేబుల్ మీద పెట్టలేదు.

నవంబరు రెండో శనివారం, ఇంకా బాణాల సీజనే, తెల్లవారుజామున నాలుగింటికి ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర పెట్టి పంపాను. దేవుడి ముందు దీపం పెట్టి కూర్చున్నాను. జింక దొరకాలనా, దొరక్కూడదనా దణ్ణం పెట్టుకోవాలో తెలియలేదు. "క్షేమంగా రానీ" అని ఊరుకున్నాను.

పదకొండింటికి వచ్చాడు, ఖాళీ చేతులతో, ముక్కు ఎర్రగా, కళ్ళు మెరుస్తూ. "అమ్మా, నేను ఊదితే అది జవాబు చెప్పింది! అచ్చం నాలాగే ఉర్ర్‌మంది. వచ్చింది, చుట్టూ తిరిగింది, వాసన పట్టింది, బుస్సుమని తోక ఎత్తి పారిపోయింది. నీ పులిహోర ఇంగువే అయ్యుంటుందని తాతగారు అన్నారు."

నవ్వాపుకోలేకపోయాను. అన్నం తింటూ వాడు హఠాత్తుగా అన్నాడు. "అమ్మా, నువ్వూ దీమమే. 'దోసె వేశాను, కిందికి రా' అని పిలుస్తావు. వస్తే దోసె ఉండదు, చెత్తబుట్ట ఉంటుంది."

అందరం నవ్వాం. కానీ ఆ రాత్రి గిన్నెలు సర్దుతుంటే ఆ మాట మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. నిజమే, ఎన్నిసార్లు అలా పిలిచానో. వాడు ఇంకా నమ్మి వస్తున్నాడు, అది నా అదృష్టం. ఆ రోజునుంచి మా ఇంట్లో దోసె అని పిలిస్తే దోసే ఉంటుంది. చెత్తబుట్టకైతే "చెత్తబుట్ట తీసుకెళ్ళరా" అనే పిలుస్తున్నాను. రెండోదానికి రావడానికి కాస్త ఆలస్యం చేస్తాడు గానీ, వస్తున్నాడు.