ముల్లు ఆగే చోటు

మా అల్లుడికి సంతోషం వచ్చినా చిరాకు వచ్చినా కారు షెడ్డులోకి పోతాడు. అక్కడ ముసుగు కప్పుకొని ఓ పాత కార్వెట్ ఉంటుంది. 1980 నాటిది, ఎర్రటి ఎరుపు. రెండే సీట్లు. మూడో మనిషి ఎక్కాలంటే ఎవరి ఒళ్ళోనైనా కూర్చోవలసిందే.

అమ్మాయి పురిటికని వర్జీనియా వెళ్ళిన మొదటి వారమే నా చెవిలో ఊదింది. "అమ్మా, పుట్టబోయే బిడ్డకి ఆ కారులో చోటు లేదు. నువ్వు చెప్పి అమ్మించెయ్యి." అత్తగారు చెబితే అల్లుడు వింటాడని దానికెవరు చెప్పారో మరి!

సమయం చూసి అడిగాను. "రోడ్డు మీద 65 మైళ్ళు దాటకూడదంటారు కదా, వంద దాటి పరుగెత్తే కారెందుకు బాబూ?"

"మీ బీరువాలో పట్టుచీరలెన్ని అత్తయ్యా?" అన్నాడు నవ్వుతూ. ఏడాదికి ఎన్నిసార్లు కడతారని మాత్రం అడగలేదు, మర్యాదస్తుడు. సంభాషణ అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు ముసుగు తీసి స్పీడోమీటరు చూపించాడు. అంకెలు 85 దగ్గర అయిపోయాయి. ఎనిమిది సిలిండర్ల ఇంజను, ముల్లుకి మాత్రం అంతకుమించి దారి లేదు. ఎందుకంటే, 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించినప్పుడు, పెట్రోలు ఆదా కోసమని నిక్సన్ ప్రభుత్వం దేశమంతటా 55 మైళ్ళ పరిమితి పెట్టింది. 1974 మొదట్లో మాట. మన లెక్కన గంటకు 88 కిలోమీటర్లు. పెట్రోలు కష్టం తీరినా చట్టం మటుకు కదల్లేదు. 1979లో ఇంకో అడుగు వేసి, కొత్త కార్ల స్పీడోమీటర్లలో 85కి మించి అంకెలుండకూడదన్నారు. అంకె కనపడకపోతే ఆశ పుట్టదని కాబోలు! జాడీకి గుడ్డ కట్టేస్తే పిల్లలు సున్నుండలు తినరనుకోవడం లాంటిదే. రెండు మూడేళ్ళకే ఆ నిబంధన ఎత్తేశారు. 55 చట్టాన్ని 1987లో కొంత సడలించి, 1995లో పూర్తిగా తీసేసి, ఎవరి పరిమితి వారే పెట్టుకోమని రాష్ట్రాలకి వదిలేశారు. ఆ రెండు మూడేళ్ళలో పుట్టిన బండే మా అల్లుడికి దొరికింది. "దీనికి పుట్టుకతోనే పగ్గాలు వేశారత్తయ్యా" అంటాడు, జాలిగా.

అమ్మాయికి ఎనిమిదో నెల వచ్చింది. ఓ ఆదివారం తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉంటుందని బయల్దేరాడు. తిరిగొచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. 65 మైళ్ళ రోడ్డు మీద పోలీసు రాడారుకి 84 మైళ్ళ దగ్గర దొరికాడు.

జరిమానా కట్టేస్తే పోదా అనుకున్నాను నేను. అమ్మాయి కాగితం చదివి గోడకి ఆనుకుంది. వర్జీనియాలో పరిమితికి 20 మైళ్ళు ఎక్కువైతే అది మామూలు తప్పు కాదట, క్రిమినల్ నేరమట. ఏడాది దాకా జైలు కూడా వేయవచ్చు. పరిమితి ఎంతైనా సరే, 85 దాటితే అదే కేసు. 2020 జులైకి ముందైతే ఆ గీత 80 దగ్గరే ఉండేది. మావాడిది 19 ఎక్కువ. ఒక్క మైలు! గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి క్యూలో నిలబడ్డవాడు, భార్య నిండు మనిషి. దరఖాస్తులో నేరాల గురించి అడిగే గడి ముందు ఆ ఒక్క మైలు ఎంత బరువో ఆ రోజు తెలిసింది నాకు.

మూడు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాటల్లేవు. నాలుగో రోజు తనే అన్నాడు, "అమ్మేస్తాను" అని. అప్పుడు మా అమ్మాయి నాకే తెలియని మాట ఒకటి అంది. "అమ్మితే నువ్వు నువ్వులా ఉండవు. దాన్ని పరుగెత్తించే చోటు వేరే చూసుకో."

ఆ చోటు పక్కనే, వెస్ట్ వర్జీనియాలో ఉంది. సమ్మిట్ పాయింట్ అని రేసు ట్రాకు. డబ్బు కట్టి సొంత కారుని అక్కడ తోలుకోవచ్చు. మనవరాలు పుట్టి మూడో నెల వచ్చాక అందరం వెళ్ళాం. వేగానికి హద్దు లేదన్నారు కదా, ఇక పిచ్చి పట్టినట్టు పోతారనుకున్నాను. ఎక్కడ! ముందు బ్రేకులు, టైర్లు తనిఖీ చేశారు. నెత్తిన హెల్మెట్. పక్కసీట్లో నేర్పే మనిషి. ముందున్నవాడు చెయ్యి చూపిస్తే తప్ప దాటి పోకూడదు. అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు. మా అత్తగారింట్లో పండగ వంటకి కూడా ఇన్ని మడి నియమాలు లేవు. దానికి తోడు, ట్రాకు మీద ఏమైనా అయితే మామూలు ఇన్సూరెన్సు చాలావరకు పలకదట. అయినా అంతమంది మగవాళ్ళు, నలుగురైదుగురు ఆడపిల్లలు, బడి పిల్లల్లా వరసలో నిలబడి ఆ నియమాలన్నీ వింటున్నారు. మా అల్లుడు ట్రాకు మీద ఎంత వేగం పోయాడో చెప్పలేకపోయాడు. ముల్లు 85 దగ్గర ఆగిపోయింది కదా!

కారు ఉండిపోయింది. బేరం మటుకు కుదిరింది. ట్రాకు ఏడాదికి రెండుసార్లు. రోడ్డు మీద మాత్రం పెట్టిన అంకె దాటకూడదు.

నేను తిరుగు ప్రయాణమయ్యే ముందు, "ఒక్కసారి ఎక్కండత్తయ్యా" అని పల్లెటూరి రోడ్డు మీద తిప్పుకొచ్చాడు. కొంగు బిగించి కూర్చున్నాను. చెట్లు వెనక్కి పోతుంటే, కాళ్ళ ముందు ఆ ఇంజను పులిలా గుర్రుమంటుంటే, అరవై ఏళ్ళ నా వయసు ఎక్కడో దారిలో జారిపడింది.

ఇంటికి రాగానే గుమ్మంలో అమ్మాయి, చంకలో పిల్లతో. "నిజం చెప్పమ్మా, ముల్లు ఎక్కడిదాకా పోయింది?"

కళ్ళజోడు పెట్టుకోలేదే అన్నాను.