నాగపూర్‌లో మా వాళ్ళు

"మీ సొంత ఊరు ఏది?" అని అడిగితే బదిలీ ఉద్యోగుల పిల్లలం మనం కాసేపు తడబడతాం. మేము అక్కాతమ్ముళ్ళం. ఒకరు హైదరాబాదులో, ఒకరు భువనేశ్వర్‌లో పుట్టాం. తాతగారిది భీమవరం పక్కన పల్లెటూరు. నాన్న కేంద్ర ప్రభుత్వ ఆడిట్ కార్యాలయంలో పనిచేస్తారు. మూడు నాలుగేళ్ళకొకసారి పెట్టెలు సర్దుకోవడం మాకు అలవాటే. "ఎలాగూ వెళ్ళిపోయే ఊళ్ళో స్నేహాలు ఎందుకు?" అని మనలో చాలామంది అంటుంటారు. పోయిన ఏడాది మా ఇంట్లో జరిగింది చెబితే ఆ మాటకు జవాబు దొరుకుతుందని ఇది రాస్తున్నాం.

మేము నాగపూర్ వచ్చిన రెండో ఏడు, వర్షాకాలం. స్నానం చేస్తుండగా అమ్మకు రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా అమ్మ ఆ వారమే డాక్టరుకు చూపించుకుంది. మామోగ్రామ్ తీశారు, సూదితో చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. రొమ్ము క్యాన్సర్ అని తేలింది. రెండో దశ.

నాన్న మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ మాట దాచకుండా చెప్పారు. "ఇది అంటువ్యాధి కాదు. అమ్మ పక్కన పడుకోవచ్చు, అమ్మ కంచంలో తినవచ్చు. ఎవరో తప్పు చేస్తే వచ్చింది కూడా కాదు. ముందు ఆపరేషన్, తరువాత 21 రోజులకొకసారి కీమో, చివర రేడియేషన్" అన్నారు.

ఊరి నుంచి వచ్చి ఉండగలిగే వాళ్ళు లేరు. బామ్మకు మోకాళ్ళ నొప్పులు. నాన్న తెల్లవారుజామునే లేచి వంట చేసి, మా టిఫిన్ బాక్సులు సర్ది, ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రం అమ్మ మందులు చూసుకునేవారు. ఎవరైనా అడిగితే "పర్వాలేదు, చూసుకుంటున్నాం" అనేవారు. నలుగురికీ తెలియడం అమ్మకూ ఇష్టం లేదు.

మొదటి కీమో అయిన పదో రోజు రాత్రి అమ్మకు 101 డిగ్రీల జ్వరం వచ్చింది. కీమో వల్ల తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 చేరితే తెల్లవారేదాకా ఆగకూడదని ఆసుపత్రిలో ముందే చెప్పారు. రాత్రి ఒంటిగంట, జోరున వాన, ఆటోలు లేవు. నాన్న కింది అంతస్తులో ఉన్న మరాఠీ వాళ్ళ తలుపు తట్టారు. ఆ అంకుల్ క్షణాల్లో కారు తీశారు. మేము కాకూ అని పిలిచే ఆంటీ పైకి వచ్చి మా ఇద్దరి మధ్య చాప వేసుకుని పడుకుంది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు, ఆమెకూ పట్టలేదు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి అమ్మ ఇంటికి వచ్చింది.

ఆ సాయంత్రమే కాకూ మా గోడ క్యాలెండర్ మీద పెన్నుతో రాసేసింది. సోమ, గురువారాలు ఆవిడ మెత్తగా వండిన పప్పన్నం. మంగళవారం బెంగాలీ ఆంటీ కూర. పక్క బ్లాకు పంజాబీ తాతగారు తమ్ముడిని బస్సు ఎక్కించి, సాయంత్రం లెక్కలు చెప్పడం. కేరళ ఆంటీ నర్సు. నోటి పుండ్లకు ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలించమని చెప్పింది ఆవిడే. కీమో రోజున నాన్న పనిని ఆఫీసు మిత్రులు పంచుకునేవారు.

వంటపని తగ్గాక నాన్న అమ్మ దగ్గర కూర్చోగలిగారు. ఒక పొడుగు నోటుబుక్కులో ఉదయం జ్వరం, సాయంత్రం జ్వరం, రక్తకణాల లెక్క, తాగిన నీళ్ళ గ్లాసులు అన్నీ రాసేవారు. "చివరికి నన్ను కూడా ఆడిట్ చేస్తున్నారు" అని అమ్మ నవ్వింది. చాలా రోజుల తరువాత విన్న నవ్వు అది.

ఆపరేషన్ అయిన వైపు చేయి పైకి లేచేది కాదు. వేళ్ళతో గోడ మీద నడుస్తున్నట్టు రోజూ కొంచెం పైకి పాకించాలి. ఎంతవరకు అందిందో మేము పెన్సిలుతో గీత గీసి తేదీ వేసేవాళ్ళం. మా ఎత్తు కొలిచే గోడ మీదే అమ్మ గీతలు కూడా పెరుగుతూ వచ్చాయి.

జుట్టు రాలిపోయినప్పుడు అమ్మ కొన్నాళ్ళు బయటికి రాలేదు. ఒకరోజు తలకు స్కార్ఫు కట్టుకుని తనంతట తానే కిందికి దిగి ఆడవాళ్ళందరికీ జరిగింది చెప్పింది. మరుసటి వారం కాకూ, ఇంకో ఇద్దరు పరీక్ష చేయించుకున్నారు.

ఆ రోజుల్లోనే నాన్న మాకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పారు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్ళి, అక్కడే 1948లో కన్నుమూశారు. ఆయన బృందం పరిశోధనల నుంచి వచ్చిన మందులు తొలి కీమో మందుల్లో ఉన్నాయి. వాటిలో మెథోట్రెక్సేట్‌ను రొమ్ము క్యాన్సర్‌కు కూడా ఎన్నో ఏళ్ళు వాడారు. అమ్మకు ఇచ్చినవి వేరే మందులు. అయినా "మా ఊరాయన" అని అమ్మ ముఖంలో ఎంత వెలుగో!

మిత్రులారా, మీ పక్కింట్లో ఇలాంటి కష్టం వస్తే "ఏమైనా కావాలంటే చెప్పండి" అని వచ్చేయకండి. కష్టంలో ఉన్నవాళ్ళు నోరు తెరిచి అడగలేరు. "బుధవారం కూర మాది", "రేపు మీ తమ్ముడిని నేను తీసుకెళ్తా" అని రోజు, పని రెండూ చెప్పండి. మాకు ఉపయోగపడింది అదే.

ఎనిమిది విడతల కీమో, 15 రోజుల రేడియేషన్ ఏప్రిల్‌తో ముగిశాయి. అమ్మ ఇప్పుడు రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది, కొన్ని ఏళ్ళు వేసుకోవాలి. మూడు నెలలకొకసారి పరీక్షకు వెళ్తుంది. పరీక్ష ముందు రోజు మా అందరికీ ఇంకా భయమే. ఈసారి బదిలీ వస్తే ముందు సర్దాల్సింది అమ్మ రిపోర్టుల నీలం ఫైలు. కొత్త ఊరు చేరిన మొదటి వారమే మనమే వెళ్ళి పక్కింటి తలుపులు తట్టి పలకరించాలని అమ్మ ఇప్పటికే తేల్చి చెప్పేసింది.