నుంగంబాక్కంలో వెలుగు లెక్క

చెన్నై నుంగంబాక్కంలోని వాతావరణ కేంద్రం ఆవరణలోకి అనుమతి తీసుకుని అడుగు పెట్టేసరికి వైశాఖపు ఎండ ఇంకా తగ్గలేదు. నేను వచ్చింది ఒక రాతి స్తంభం కోసం. 1792లో ఇక్కడ మద్రాసు నక్షత్రశాల వెలసినప్పుడు, దుర్భిణి ఇసుమంతైనా కదలకూడదని నిలబెట్టిన గ్రానైట్ రాయి అది. బరువు పది టన్నులట. నక్షత్రశాల పోయింది, రాయి మిగిలింది. దాని మీద చెక్కిన భాషల్లో తెలుగూ ఉంది. ఆ అక్షరాల మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడిపోయాను.

ఇక్కడ పనిచేసిన నార్మన్ పాగ్‌సన్ పేరు చుక్కల వెలుగు కొలిచేవాళ్లందరికీ తెలుసు. పూర్వం గ్రీకులు చుక్కలను ఆరు తరగతులుగా విడదీశారు. బాగా మెరిసేవి మొదటి తరగతి, కష్టం మీద కంటికి ఆనేవి ఆరో తరగతి. తరగతికీ తరగతికీ తేడా ఎంతన్నది మాత్రం తేలలేదు. మద్రాసు రాకముందే, 1856లో, పాగ్‌సన్ దానికో కొలత సూచించాడు: ఐదు తరగతుల తేడా అంటే వంద రెట్ల వెలుగు. అంటే మెట్టుకు 2.512 రెట్లు. పెళ్లిలో వధూవరులకు చూపించే అరుంధతి వెలుగు 4, పక్కనున్న వసిష్ఠుడిది 2. అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ. రెండు మెట్లు దిగితే వెలుగు ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది.

నా మనసు మాత్రం పాగ్‌సన్ సహాయకుడు చింతామణి రఘునాథాచారి చుట్టూ తిరిగింది. రెటిక్యులమ్ నక్షత్రరాశిలో ఒక చుక్క వెలుగు మారుతోందని 1867లో ఇక్కడి నుంచే పసిగట్టాడాయన. దాన్నిప్పుడు ఆర్ రెటిక్యులి అంటారు. సుమారు తొమ్మిది నెలలకోసారి ఏడున్నర మెట్లు ఎక్కి దిగుతుంది, అంటే వెయ్యి రెట్ల తేడా. మద్రాసులో అది దక్షిణ దిక్కున ఎంత పైకొచ్చినా 14 డిగ్రీలు దాటదు. అంత కింద గాలి పొర మందం, పైగా సముద్రపు తేమ. ఏ చుక్కైనా మసకబారుతుంది. మరి తగ్గింది చుక్కా, ఆకాశమా? అందుకే పక్కనే అదే ఎత్తులో ఉన్న చుక్కలతో పోల్చాలి. దీనికన్నా కాస్త ఎక్కువ, దానికన్నా కాస్త తక్కువ అని రాసుకోవాలి. తేమ కమ్మితే రెండిటినీ ఒకేలా కమ్ముతుంది. ఇవాళ ఎలక్ట్రానిక్ కెమెరాతో కొలిచేవాళ్లూ అదే చిత్రంలో పడ్డ పక్క చుక్కలనే ఆధారం చేసుకుంటారు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. పాగ్‌సన్ మచిలీపట్నం వెళ్లాడు, ఆచారి వనపర్తి వెళ్లాడు. వనపర్తి బడిపిల్లలకు ఈ సంగతి చెప్పాలని నాకెంతో ఆశ.

చీకటి పడ్డాక బయట రోడ్డు మీద నిలబడి ఉత్తరం వైపు చూశాను. వీధి దీపాల వెలుతురులో వసిష్ఠుడు కనిపించాడు. అరుంధతి ఆనలేదు.