జూన్ ఒకటి, జనవరి ఆరు

పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. 04-04-2022లో రోజును ముందు చదివినా, నెలను ముందు చదివినా ఒక్కటే. మా కొండల పిల్లలకు ఆ అదృష్టం లేదు.

ఇక్కడ చాలామందికి బడిలో వేసిననాడు మాస్టారు రాసినదే పుట్టినరోజు; తరచుగా జూన్ 1. అటువంటి జాబితానొకదానిని ఒకానొక కార్యాలయంలో ఎక్సెల్‌లోకి ఎక్కించగా చూడడం తటస్థించింది. ఆ కంప్యూటరు అమెరికా అమరికలతో ఉంది. 01-06-2005 అని టైపు చేస్తే గడిలో 1/6/2005 అని కనబడింది. ఎవరికి అనుమానం కలుగుతుంది? నెలల పేర్లు తెలుగులో ఉంటే బాగుంటుందని ఎవరో ముచ్చటపడ్డాకే గుట్టు బయటపడింది. ఊరు ఊరంతా 6 జనవరి! అందరూ సంక్రాంతికి వారం ముందు పుట్టినట్టు.

నవ్వు వచ్చిన మాట నిజమే. కాని ఒక్కొక్కరికి 146 రోజుల వయసు ఎక్కువ పడింది. వయోపరిమితి దాటిందని దరఖాస్తును తిప్పికొట్టడానికి ఒక్కరోజు చాలును గదా!

తెలుగు నెలల కిటుకు 44ఏలో ఉంది. అది మైక్రోసాఫ్ట్ మన భాషకిచ్చిన సంఖ్య. తేదీ సంకేతానికి ముందు చదరపు బ్రాకెట్లలో డాలరు గుర్తు, అడ్డగీత, ఆపైన దీనిని ఉంచితే వారాలూ నెలలూ తెలుగులో పలుకుతాయి. అయితే అది వేషం మాత్రమే. లోపల ఉన్నది 1900 జనవరి 1 నుండి లెక్కించిన ఒక అంకె. జూన్ 1కి 38504, జనవరి 6కి 38358. టైపు చేసిన క్షణంలోనే, విండోస్ ప్రాంతీయ అమరికను బట్టి, అంకె స్థిరపడిపోతుంది. పిమ్మట ఏ సంకేతం మార్చినా అది మారదు. అందుచేత మొదలుపెట్టే ముందే 'ఇంగ్లీషు (ఇండియా)' ఎంచుకోవాలి.

పదమూడో నెల లేదు గనుక 13 మొదలు 31 వరకు గల రోజులు తేదీలు కాలేక, గడిలో ఎడమకు ఒదిగి అక్షరాలుగా మిగిలాయి. అవే నిజం చెబుతున్నాయి! (సవర భాషకు సేవచేసిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన 1863 ఆగస్టు 29నైతే ఏ అమరికలోనూ ఎక్సెల్ తేదీగా ఒప్పుకోదు, 1900కు ముందుది గనుక. లిబ్రే ఆఫీసు ఒప్పుకుంటుంది.)

చివరకు బడి రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కొక్క పేరే సరిచూడవలసి వచ్చింది. ఆసుపత్రిలో పుట్టి, నిజంగా జనవరి 6నే పుట్టినరోజు గల పిల్ల ఒకతె ఉంది అందులో. ఆమెకు మాత్రం జూన్ 1 పడింది.